ఘంటాకార వక్రం – ఉద్యోగి తలరాత

అమెరికాలోని పెద్ద సాంకేతిక సంస్థలలో పనిచేసేవారి ఇళ్ళలో ఏడాదికి ఒకటి రెండు మార్లు వాతావరణం బరువెక్కుతుంది. అది పనితీరు సమీక్షల కాలం. ఏడాది పొడుగునా శ్రమించిన ఇంజనీరు తన పై అధికారి చెప్పబోయే ఒక్క మాట కోసం, ఒక్క అంకె కోసం ఎదురు చూస్తూ ఉంటాడు. బోనసు, షేర్లు, పదోన్నతి ఆ అంకెను బట్టి నిర్ణయమవుతాయి. ఒక్కొక్కప్పుడు ఉద్యోగం నిలుస్తుందో ఊడుతుందో కూడ దానిని బట్టే తేలుతుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఇంకొక చింత. 2017 జనవరిలో అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం ఉద్యోగం పోయిన వీసాదారునికి లభించే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోపల మరొక సంస్థ అతని తరఫున దరఖాస్తు చేయాలి, లేదా అతడు వేరొక హోదాకు మారాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. పిల్లల బడి, ఇంటి అప్పు, ఏళ్ళ తరబడి సాగుతున్న గ్రీన్ కార్డు నిరీక్షణ – ఇవన్నీ ఆ ఒక్క అంకె చుట్టూ తిరుగుతూ ఉంటాయి.

ఇంత బరువు మోసే అంకె ఎట్లా పుడుతుంది? దాని వెనుక ఉన్న గణితం ఏమిటి? ఆ గణితాన్ని సరిగానే వాడుతున్నారా? ఆఫీసు రాజకీయాల ప్రస్తావన రాగానే ఎవరైనా మనుషుల గుణదోషాలనే తలచుకొంటారు. ఫలానా మేనేజరు పక్షపాతి అనీ, ఫలానా సహోద్యోగి అసూయాపరుడు అనీ చెప్పుకొంటారు. సాంఖ్యక శాస్త్రం దృష్టితో పరిశీలిస్తే మరొక కారణం కనిపిస్తుంది. ఆ అసంతృప్తిలో చాలా భాగం ఒక చక్కని గణిత సూత్రాన్ని అది వర్తించని చోట వర్తింపజేయటం వల్ల పుట్టినదే.

గంట ఆకారం ఎక్కడిది?

ఒక పెద్ద పట్టణంలోని వయోజన పురుషులందరి ఎత్తులు కొలిచి, ఏ ఎత్తు ఎంతమందికి ఉన్నదో గీత గీస్తే, ఆ గీత బోర్లించిన గంటలాగ కనిపిస్తుంది. సగటు ఎత్తు ఉన్నవారు నడుమ గుమిగూడి ఉంటారు. బాగా పొడుగువారు, బాగా పొట్టివారు రెండు కొసలలో కొద్దిమంది ఉంటారు. దీనిని ఘంటాకార వక్రం అంటారు. శాస్త్ర పరిభాషలో దీని పేరు సామాన్య విభాజనం. 1733లో అబ్రహాం ద మ్వావ్ర్ నాణేలు ఎగురవేయటం వంటి యాదృచ్ఛిక ఘటనల లెక్కలలో దీనిని కనుగొన్నాడు. 1809లో గౌస్ ఖగోళ పరిశీలనలలో దొర్లే పొరపాట్లను వివరించటానికి దీనిని వాడాడు. 1835లో బెల్జియం దేశస్థుడు కెట్లే మానవ లక్షణాలకు దీనిని అన్వయించి, ‘సగటు మనిషి’ అనే భావనను ప్రచారం చేశాడు.

ఈ విభాజనంలో సగటుకు ఒక ప్రమాణ విచలనం లోపల సుమారు 68 శాతం, రెండు ప్రమాణ విచలనాల లోపల సుమారు 95 శాతం ఉంటారు. అయితే ఈ ఆకారం ఊరికే రాదు. దానికి కొన్ని షరతులు ఉన్నాయి. కొలిచే వస్తువులు పెద్ద సంఖ్యలో ఉండాలి. వాటి తేడాలు అనేకమైన చిన్న చిన్న కారణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కలవటం వల్ల ఏర్పడాలి. ఎవరూ ముందుగా ఏరి ఉండకూడదు. ఈ షరతులు లేనిచోట గంటను వెదకటం వృథా. వెదకి కనిపించకపోతే బలవంతంగా గీయటం మరీ ప్రమాదకరం.

కర్మాగారం నుంచి కంప్యూటరు దాకా

బలవంతపు గంటకు అమెరికా పారిశ్రామిక రంగంలో పెద్ద పేరు తెచ్చినవాడు జాక్ వెల్చ్. ఆయన 1981 నుంచి 2001 వరకు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు అధిపతి. ఉద్యోగులను మూడు భాగాలు చేయాలని ఆయన సిద్ధాంతం. పై 20 శాతానికి సన్మానం, నడుమ ఉన్న 70 శాతానికి ప్రోత్సాహం, కింది 10 శాతానికి ఉద్వాసన. ప్రతి ఏడూ ఇదే క్రమం. ఆ రోజులలో ఆ సంస్థ షేరు ధర ఆకాశాన్ని అంటుతూ ఉండటంతో ఇతర సంస్థలు కూడ ఈ మార్గం పట్టాయి. 2001 డిసెంబరులో దివాలా తీసిన ఎన్రాన్ సంస్థ వాటిలో ఒకటి. సాంకేతిక రంగంలో ఈ పద్ధతికి స్టాక్ ర్యాంకింగ్ అనే పేరు స్థిరపడింది. మైక్రోసాఫ్ట్ సంస్థలో ఇది ఏళ్ళ తరబడి అమలులో ఉన్నది.

2012లో పాత్రికేయుడు కర్ట్ ఐకెన్‌వాల్డ్ ‘వ్యానిటీ ఫెయిర్’ పత్రికలో మైక్రోసాఫ్ట్ గురించి సుదీర్ఘమైన వ్యాసం ప్రకటించాడు. తాను మాట్లాడిన ఉద్యోగులు, మాజీ ఉద్యోగులు అందరూ సంస్థను అన్నిటికంటె ఎక్కువగా దెబ్బతీసినది ఈ ర్యాంకింగేనని చెప్పారని ఆయన రాశాడు. ఆ వ్యాసంలోని వర్ణన ప్రకారం పదిమంది ఉన్న జట్టులో చేరిన మొదటి రోజే వారికి ఒక సంగతి తెలిసిపోయేది. అందరూ ఎంత గొప్పగా పనిచేసినా ఇద్దరికి మాత్రమే ఉత్తమ శ్రేణి వస్తుంది. ఏడుగురికి మధ్య శ్రేణి, ఒకరికి అధమ శ్రేణి తప్పవు. పని మొదలు కాకముందే ఫలితం పంచి పెట్టినట్లయింది.

పదిమందిలో ఒకడు

ఈ నియమంలోని దోషాన్ని చూడటానికి ఇంటరు చదివే విద్యార్థికి తెలిసిన సంభావ్యత చాలును. ఒక సంస్థలో పదివేల మంది ఉద్యోగులు ఉన్నారనుకొందాము. వారిలో నిజంగానే 10 శాతం మంది, అంటే వెయ్యి మంది, పనిలో వెనుకబడినవారు అనుకొందాము. పదేసి మంది చొప్పున వారిని వెయ్యి జట్లుగా, ఎవరు ఎక్కడ పడితే అక్కడ, చేర్చారనుకొందాము. ఇప్పుడు ప్రతి జట్టు నుంచి అతి తక్కువ స్థాయిలో ఉన్న ఒక్కరిని తప్పనిసరిగా అధముడిగా ప్రకటించాలి.

ఒక జట్టులో వెనుకబడినవాడు ఒక్కడు కూడ లేకపోవటానికి సంభావ్యత 0.9ని పదిసార్లు గుణించగా వచ్చే విలువ. అది సుమారు 0.349. అంటే వెయ్యి జట్లలో దాదాపు 349 జట్లలో అధములు ఎవరూ లేరు. అయినా అక్కడ కూడ ఒకరి మెడకు ఆ పలక తగిలించక తప్పదు. సరిగ్గా ఒక్కడు ఉన్న జట్లు సుమారు 387. నియమం సరిగ్గా అతికేది ఆ జట్లకు మాత్రమే. మిగిలిన 264 జట్లలో వెనుకబడినవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అక్కడ ఒకడు దొరికిపోతాడు, తక్కినవారు తప్పించుకొంటారు. కూడికలన్నీ చూస్తే శిక్ష పడిన వెయ్యి మందిలో సుమారు 349 మంది నిర్దోషులు, నిజంగా వెనుకబడిన వెయ్యి మందిలో అంతేమంది తప్పించుకొన్నవారు.

ఈ లెక్కలో మేనేజర్లందరూ ధర్మరాజులనీ, వారి తూనిక వెంట్రుకవాసి కూడ తప్పదనీ భావించటం జరిగింది. పక్షపాతం లేదు, పొరపాటు లేదు. అయినా ప్రతి మూడు తీర్పులలో ఒకటికి పైగా తప్పు. ఒక్క మనిషి కూడ చెడ్డవాడు కానక్కరలేదు, నియమమే అన్యాయం చేస్తుంది. పెద్ద సమూహానికి చెల్లే నిష్పత్తిని చిన్న జట్టు మీద రుద్దటం వల్ల వచ్చే ఫలితం ఇది.

ఒకే ప్రశ్నపత్రం లేని పరీక్ష

ఎంసెట్ ర్యాంకులతో పెరిగిన తెలుగు కుటుంబాలకు ర్యాంకు అనే మాట కొత్తది కాదు. ర్యాంకు వచ్చిందంటే కష్టపడ్డాడనీ, రాలేదంటే ఎక్కడో లోపం ఉన్నదనీ అనుకోవటం తరాలుగా అలవాటైంది. అందుకే ఆఫీసు ర్యాంకును కూడ చాలామంది అదే కళ్ళతో చూస్తారు. ఈ పోలిక సరైనది కాదు. ప్రవేశ పరీక్షలో అందరికీ ఒకే పాఠ్యాంశం, ముందే ఖరారైన జవాబులు. దిద్దేవారికి అభ్యర్థి ముఖం తెలియదు. ఆఫీసులో ఒక్కొక్కరిది ఒక్కొక్క ప్రశ్నపత్రం. ఒకరికి కొత్త ఉత్పత్తిని తయారుచేసే పని, మరొకరికి పదేళ్ళనాటి ప్రోగ్రాములను మరమ్మతు చేసే పని. దిద్దేవాడు పక్క గదిలోనే ఉంటాడు, అభ్యర్థితో కలిసి కాఫీ తాగుతాడు.

ఈ తేడా ఎంతదో కొలిచిన పరిశోధన ఉన్నది. 2000లో స్కలెన్, మౌంట్, గాఫ్ అనే పరిశోధకులు నాలుగు వేలకు పైగా మేనేజర్లకు అనేకమంది ఇచ్చిన రేటింగులను విశ్లేషించారు. ఆ రేటింగులలో కనిపించిన తేడాలలో సగానికి పైగా రేటింగు ఇచ్చినవారి వ్యక్తిగత ధోరణి నుంచి వచ్చినవేనని తేల్చారు. ఒక దత్తాంశంలో అది 62 శాతం, మరొక దత్తాంశంలో 53 శాతం. పనిచేసినవారి అసలు పనితీరు వాటా దానికంటె చాలా తక్కువ. కాబట్టి రేటింగు అంకె ఉద్యోగి గురించి చెప్పే దానికంటె, దానిని వేసిన మేనేజరు గురించి ఎక్కువ చెబుతుందని అనవలసి ఉంటుంది.

ఇక్కడ తెలుగువారు గర్వించదగిన ఒక గణితవేత్త పనిని స్మరించటం సముచితం. తెలుగు కుటుంబంలో 1920లో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలోనూ, తరువాత అమెరికాలోనూ పనిచేసిన సి.ఆర్. రావు 2023లో ఇక్కడే కన్నుమూశారు. 1945లో, పాతికేళ్ళ వయస్సులో, ఆయన ప్రకటించిన ఒక ఫలితం నేడు క్రామర్–రావు అవధి అనే పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. అందుబాటులో ఉన్న దత్తాంశంలో సమాచారం ఎంత ఉన్నదో, పక్షపాతం లేని అంచనాకు సాధ్యమయ్యే కచ్చితత్వం కూడ దానికి లోబడే ఉంటుందని దాని సారాంశం. సమాచారం తక్కువైతే ఎంత తెలివైన పద్ధతి వాడినా అనిశ్చితి ఒక హద్దు కంటె తగ్గదు. ఆరు నెలల పనిని, పదిమంది చేతులు కలిసిన పనిని చూసి ఒక్కొక్క మనిషి సామర్థ్యాన్ని అంచనా వేయబోయే మేనేజరుకు కూడ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

ఎర్ర పూసల ప్రయోగం

ఈ ప్రమాదాన్ని చాలాకాలం క్రితమే గుర్తించినవాడు సాంఖ్యక శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ (1900–1993). 1950 నుంచి జపాన్ పరిశ్రమలకు నాణ్యతా పాఠాలు నేర్పి, ఆ దేశంలో తన పేరిట బహుమతి నెలకొనేంతటి గౌరవం పొందినవాడు. ఆయన తన సభలలో ఒక చిన్న ప్రయోగం చేసి చూపేవాడు. ఒక పెట్టె నిండా తెల్ల పూసలు, ఎర్ర పూసలు కలిపి ఉంటాయి. ప్రతి ఐదు పూసలలో ఒకటి ఎర్రది. సభలో నుంచి ఆరుగురిని పిలిచి ‘కార్మికులు’గా నియమిస్తాడు. ఒక్కొక్కరు 50 గుంటలున్న చెక్కను పెట్టెలో ముంచి 50 పూసలు తీయాలి. తెల్ల పూసలు మంచి సరుకు, ఎర్ర పూసలు చెడ్డ సరుకు. ఎర్రవి తక్కువ వచ్చినవానికి మెచ్చుకోలు, ఎక్కువ వచ్చినవానికి చీవాట్లు. నిన్న మెప్పు పొందినవాడు ఈరోజు చీవాట్లు తింటాడు. చివరకు ‘అసమర్థుల’ను తొలగించి, ‘సమర్థుల’తో పని కొనసాగిస్తాడు. ఎర్ర పూసలు మాత్రం తగ్గవు.

లెక్క చూస్తే కారణం స్పష్టం. 50 పూసలలో సగటున 10 ఎర్రవి రావాలి. ప్రమాణ విచలనం సుమారు 2.8. అంటే 4 నుంచి 16 వరకు ఎన్ని ఎర్ర పూసలు వచ్చినా అది యాదృచ్ఛికమే. కార్మికుని నైపుణ్యానికి దానితో ఏ సంబంధమూ లేదు. నలుగురికి తగ్గి ఒకరికి పెరిగినంత మాత్రాన ఆ ఒక్కడు దోషి కాడు. పెట్టెలోని సరుకును మార్చవలసినవాడు యజమాని. వ్యవస్థలోని దోషానికి వ్యక్తిని బాధ్యుణ్ణి చేయరాదని డెమింగ్ సిద్ధాంతం. 1986లో వెలువడిన ‘అవుట్ ఆఫ్ ది క్రైసిస్’ గ్రంథంలో వార్షిక రేటింగును ఆయన సంస్థలను చంపే వ్యాధులలో ఒకటిగా పేర్కొన్నాడు.

వడపోసిన తరువాత గంట ఎక్కడిది?

మరొక చిక్కు ఉన్నది. పెద్ద సాంకేతిక సంస్థలు వేలాది దరఖాస్తులలో నుంచి కొద్దిమందిని, ఐదారు ఇంటర్వ్యూలు చేసి మరీ ఏరుకొంటాయి. ఎంపిక పూర్తిగా నిర్దుష్టం కాకపోయినా, గంటలోని ఎడమ భాగాన్ని, నడుమ భాగాన్ని చాలా వరకు కోసివేసి, కుడి కొసను మాత్రమే లోపలికి తీసుకొంటాయి. ఆ కుడి కొస ఆకారం గంట కాదు, జారుడు బల్ల. ప్రవేశపు గీతకు కొంచెం పైన ఉన్నవారు చాలామంది. పైకి పోయిన కొద్దీ పలచబడతారు. ఇప్పుడు అక్కడ ‘కింది 10 శాతం’ అని గీత గీస్తే, ఆ గీత జనం అన్నిటికంటె ఒత్తుగా ఉన్నచోట పడుతుంది. గీతకు పైవాడికి, కిందివాడికి మధ్య తేడా కొలతకు అందనంత స్వల్పం. కత్తి పదును ఎక్కువగా అవసరమైన చోటనే అది మొద్దుబారి ఉంటుంది.

వృత్తి బాస్కెట్‌బాల్ జట్టును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ జట్టులో అందరికంటె పొట్టివాడు కూడ వీధిలో నడిస్తే పొడగరే. జట్టులో ఒకరిని పొట్టివాడిగా నమోదు చేయాలనే నియమం ఉంటే, ఆరడుగులవానికి కూడ ఆ ముద్ర పడుతుంది.

పనితీరు అసలు గంట ఆకారంలో ఉంటుందా అనే ప్రశ్నను 2012లో ఓబాయిల్, అగీనిస్ అనే పరిశోధకులు పరిశీలించారు. శాస్త్రజ్ఞులు, కళాకారులు, రాజకీయవేత్తలు, క్రీడాకారులు – మొత్తం 6,33,263 మందికి సంబంధించిన 198 నమూనాలను విశ్లేషించారు. వాటిలో అత్యధిక భాగానికి గంట ఆకారం నప్పలేదు. కొద్దిమంది ఎంతో ఎత్తున ఉన్నారు, తక్కినవారందరూ దిగువన దగ్గర దగ్గరగా ఉన్నారు. అటువంటి చోట ‘సగటు కంటె తక్కువ’ అనే మాట నిందావాక్యం కానేరదు. అధిక సంఖ్యాకులు ఉండేది అక్కడే.

రాజకీయం ఎక్కడ పుడుతుంది?

లెక్క తప్పితే కొందరికి అన్యాయం జరుగుతుంది. కాని నష్టం అంతటితో ఆగదు. ఆ లెక్కను తెలుసుకొన్న తరువాత మనుషులు తమ ప్రవర్తనను మార్చుకొంటారు. 1989లో ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థిక శాస్త్రవేత్త ఈ విషయాన్ని గణిత రూపంలో వివరించాడు. ప్రతిఫలం పోలిక మీద ఆధారపడినప్పుడు పైకి రావటానికి రెండు మార్గాలు ఉంటాయి. తాను ఎక్కువ చేయటం ఒకటి, పక్కవాని పని తగ్గేట్లు చూడటం రెండవది. గెలిచినవానికీ ఓడినవానికీ లభించే ప్రతిఫలాల మధ్య అంతరం పెరిగిన కొద్దీ రెండవ మార్గానికి ఆకర్షణ పెరుగుతుంది. కలిసి పనిచేయవలసిన చోట ఆ అంతరాన్ని తగ్గించటమే సంస్థకు లాభమని ఆయన నిరూపించాడు.

మైక్రోసాఫ్ట్ గురించి ఐకెన్‌వాల్డ్ రాసిన విషయాలు ఈ సిద్ధాంతానికి వ్యాఖ్యానంలాగ ఉంటాయి. ఉత్తమ ఇంజనీర్లు మరొక ఉత్తమ ఇంజనీరు ఉన్న జట్టులో చేరటానికి వెనుకాడేవారు, ఎందుకంటే అక్కడ తమ స్థానం దిగజారుతుంది. సహోద్యోగికి పూర్తి సమాచారం ఇవ్వకుండా, ఇచ్చినట్లు కనిపించటం ఒక విద్యగా మారింది. మేనేజర్లు ఒక గదిలో చేరి తమ తమ జట్లవారి పేర్లతో బేరసారాలు సాగించేవారు. అక్కడ గెలిచేది ఉద్యోగి ప్రతిభ కాదు, అతని మేనేజరు వాగ్ధాటి. కాబట్టి తన మేనేజరుతో పాటు పక్క మేనేజర్లకు కూడ కనిపిస్తూ ఉండటం ఉద్యోగికి అసలు పనికంటె ముఖ్యమైపోయింది. ఎవరికి వారే యమునా తీరే.

2011లో మాను కార్నే అనే ప్రోగ్రామరు, వ్యంగ్య చిత్రకారుడు, పెద్ద సంస్థల నిర్మాణాలను బొమ్మలుగా వేశాడు. మైక్రోసాఫ్ట్ బొమ్మలో విభాగాలన్నీ ఒకదానిపై ఒకటి తుపాకులు గురిపెట్టి ఉంటాయి. హైదరాబాదులో పుట్టి పెరిగి, ఆ సంస్థకే అధిపతి అయిన సత్య నాదెళ్ళ ఆ బొమ్మను 2017లో ప్రచురించిన తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ప్రస్తావించారు. బయటివారి వ్యంగ్యం కంటె, సంస్థలోనివారే దానిని నిజమని ఒప్పుకోవటం తనను ఎక్కువగా కలవరపెట్టిందని ఆయన అభిప్రాయం.

రెండవ పక్షం

న్యాయంగా రెండవ పక్షాన్ని కూడ వినాలి. నిర్బంధం ఏదీ లేకపోతే మొహమాటం రాజ్యమేలుతుంది. మేనేజర్లు ఎవరినీ నొప్పించలేక అందరికీ ఉత్తమ శ్రేణి ఇచ్చివేస్తారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం. అప్పుడు నిజంగా కష్టపడినవానికి అన్యాయం జరుగుతుంది. వెనుకబడినవానికి నిజం చెప్పకుండా ఏళ్ళ తరబడి మభ్యపెట్టి, నడివయస్సులో వెళ్ళగొట్టటమే అసలైన క్రౌర్యమని వెల్చ్ వాదించాడు. ఆ వాదనలో కొంత నిజం ఉన్నది.

2005లో స్కలెన్, మరి ఇద్దరు పరిశోధకులు కంప్యూటరు నమూనా ద్వారా ఈ పద్ధతిని పరీక్షించారు. కింది కొసను తొలగిస్తూ పోతే మొదటి కొద్ది సంవత్సరాలు సంస్థ సగటు సామర్థ్యం చెప్పుకోదగినంతగా పెరిగింది. ఆ తరువాత ప్రయోజనం త్వరత్వరగా తగ్గిపోయింది. చాలాకాలం కలుపు తీయని చేనులో మొదటిసారి కలుపు తీస్తే లాభమే. కలుపు అయిపోయిన తరువాత కూడ ‘ప్రతి ఏడూ పదోవంతు పీకాలి’ అని పట్టుబడితే పోయేది పైరే. ఆ నమూనాలో ఉద్యోగుల నైతికస్థైర్యం, పరస్పర సహకారం దెబ్బతినటం వంటి నష్టాలను లెక్కలోకి తీసుకోలేదనే విషయాన్ని కూడ గుర్తుంచుకోవాలి.

మార్పు, మళ్ళీ పాతబాట

2013 నవంబరులో మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది. వక్రం ఉండదు, అంకెల రేటింగులు ఉండవు అని ఆ సంస్థ మానవ వనరుల అధిపతి లీసా బ్రమ్మెల్ ఉద్యోగులకు లేఖ రాశారు. ఈ మార్పును నాదెళ్ళ తెచ్చారని తెలుగువారిలో చాలామంది భావిస్తారు. ఆయన అధిపతి అయినది 2014 ఫిబ్రవరి 4న. నిర్ణయం అంతకుముందే, స్టీవ్ బాల్మర్ హయాంలోనే జరిగింది. దాని ఆత్మను నిలబెట్టి సంస్థ సంస్కృతిగా మలచటం నాదెళ్ళ చేసిన పని. నీవు సాధించినది ఏమిటి, ఇతరుల విజయానికి నీవు తోడ్పడినది ఏమిటి, ఇతరుల పనిని ఆధారం చేసుకొని నీవు పెంచినది ఏమిటి – కొత్త సమీక్షలో ఈ మూడు ప్రశ్నలూ చేరాయి. పక్కవానికి సాయపడితే తన స్థానం పోతుందనే భయం స్థానంలో, సాయపడితే లెక్కకు వస్తుందనే భరోసా వచ్చింది.

2015లో అక్సెంచర్ సంస్థ ర్యాంకులను, వార్షిక సమీక్షలను వదలుకొన్నది. ఆ రోజులలోనే ఇన్ఫోసిస్ కూడ ఘంటాకార వక్రాన్ని పక్కన పెట్టింది. వెల్చ్ పెంచిన జనరల్ ఎలక్ట్రిక్ సైతం పాత సమీక్షలకు స్వస్తి పలికింది.

కథ అక్కడితో ముగియలేదు. 2022 చివరి నుంచి సాంకేతిక సంస్థలు పెద్ద ఎత్తున ఉద్యోగాలు తగ్గించాయి. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తొలగిస్తున్నట్లు ప్రకటించాయి. 2025 జనవరిలో మెటా అధిపతి జకర్‌బర్గ్ పనితీరు తక్కువగా ఉన్న సుమారు 5 శాతం ఉద్యోగులను తొలగిస్తామని ప్రకటించారు. వ్యాపార కారణాలతో జరిగే తగ్గింపు ఒకటి, ‘అసమర్థుడు’ అనే ముద్రతో జరిగే తొలగింపు మరొకటి. మొదటిదానిలో పోయేది జీతం. రెండవదానిలో జీతంతో పాటు పేరు కూడ పోతుంది. ముందే నిర్ణయించిన శాతం ప్రకారం ఆ ముద్ర వేసినప్పుడల్లా పైన చెప్పిన లెక్కలన్నీ మళ్ళీ వర్తిస్తాయి.

కుటుంబాలు తెలుసుకోదగినవి

రేటింగు పద్ధతిని మార్చటం ఒక ఉద్యోగి చేతిలో ఉండదు. దానిని సరిగా అర్థం చేసుకోవటం మాత్రం అతని చేతిలోనూ, అతని కుటుంబం చేతిలోనూ ఉన్నది. కొత్త ఉద్యోగంలో చేరేముందు జీతం ఎంత అని అడిగినట్లే, సమీక్ష ఎట్లా జరుగుతుంది, జట్టుకు ఇన్ని శ్రేణులే అనే పరిమితి ఉన్నదా అని అడిగి తెలుసుకోవటం మంచిది. చేసిన పనిని, ఇతరులకు చేసిన సాయాన్ని ఎప్పటికప్పుడు రాసి ఉంచుకోవాలి. సమాచారం ఎక్కువైతే అంచనాలోని అనిశ్చితి తగ్గుతుందనేది రావుగారి సిద్ధాంతం నేర్పే పాఠమే. వీసా మీద ఉన్నవారు 60 రోజుల గడువును దృష్టిలో ఉంచుకొని, పని సజావుగా ఉన్న రోజులలోనే తమ పత్రాలను, కొంత పొదుపును, వృత్తి మిత్రుల పరిచయాలను సిద్ధంగా ఉంచుకోవటం వివేకం.

మేనేజరు పదవులలో ఉన్న తెలుగువారు నేడు వేలలో ఉన్నారు. వారి బాధ్యత మరింత పెద్దది. పదిమంది జట్టులో ఒకరిని తప్పక అధముడిగా చూపాలనే ఒత్తిడి పైనుంచి వచ్చినప్పుడు, ‘చిన్న నమూనాకు ఈ నిష్పత్తి చెల్లదు’ అని లెక్కతో సహా చెప్పగల చదువు వారికి ఉన్నది. ఆ ఒక్క మాట వల్ల ఒక కుటుంబం నిలబడవచ్చు.

ఇంజనీరు అయిన కొడుకో కోడలో, అల్లుడో కూతురో తక్కువ రేటింగుతో ఇంటికి వచ్చినప్పుడు, ‘పదిమందిలో నువ్వే ఎందుకు వెనుకబడ్డావు’ అనే ప్రశ్న పెద్దల నోటికి రావటం సహజం. పదిమందిలో ఒకడు వెనుకబడే తీరాలని ముందే రాసిపెట్టి ఉన్నచోట ఆ ప్రశ్నకు అర్థం లేదు. ఘంటాకార వక్రం సృష్టిలోని వైవిధ్యాన్ని వర్ణించటానికి పుట్టిన సూత్రం. అది ఎందరిలో ఎందరు ఎక్కడ ఉంటారో చెప్పగలదు. ఎదురుగా నిలబడిన ఈ ఒక్క మనిషి విలువ ఎంతో చెప్పటం దానివల్ల కాదు.